నాలుగో నమూనా

చక్కెర డబ్బా గురించి మొదలైన మాట అప్పటికే చక్కెరను దాటి చాలా దూరం వెళ్ళిపోయింది.

"నేనడిగింది చక్కెర ఎక్కడుందని. మండలాల సంగతి నాకెందుకు?" అంది ఆడపడుచు, టీగిన్నె చేత్తో పట్టుకుని వంటింటి మధ్యలో నిలబడి.

"అదే చెబుతున్నా. వంటింటిని మండలాలుగా విడగొట్టానుగా. చక్కెర తడి మండలంలో ఉంటుంది. చక్కెర వేసేది టీలో. టీ అంటే నీళ్ళు. కాబట్టి నీళ్ళ పక్కన. కాస్త ఆలోచిస్తే నీకే తడుతుంది," అన్నాడు ఆమె అన్న, గుమ్మానికి ఆనుకుని.

"టీ పెట్టుకోవడానికి కూడా ఆలోచించాలా అన్నయ్యా?"

"ఒకసారి ఆలోచిస్తే మళ్ళీ ఆలోచించక్కర్లేదు."

"మళ్ళీ వచ్చేసరికి నువ్వు మార్చేసి ఉంటావుగా!"

అతని భార్య ఇద్దరి మధ్యలోంచి వంగి, సింకు కింద అరలోంచి డబ్బా తీసి ఆడపడుచు చేతిలో పెట్టింది. ఆడపడుచు మూత తీసి చూసింది. చక్కెర తేమకు రాయిలా గడ్డకట్టింది.

"మండలం పేరు నిలబెట్టుకుంది," అని చెంచా వెనకవైపుతో దాన్ని పొడవడం మొదలుపెట్టింది.

పొడవడానికి తగ్గ చోటు కూడా ఆ వంటింట్లో లేదు. నిజమైన అరల ముందు అట్ట అరలు లేచాయి. స్టవ్ మీటలకు స్పాంజి టోపీలు తొడిగారు. గట్టు అంచున నీలం టేపు, దాని మీద ఎర్ర టేపు, ఎర్ర టేపు పీకిన చోట జిగురు. గోడ నిండా పసుపు చీటీలు. ఫ్యాను వేస్తే అవన్నీ ఒక్కసారిగా ఎగిరి రెపరెపలాడతాయి గనక ఫ్యాను వెయ్యడం మానేసి చాలా రోజులైంది. వంట చేసే మనిషి చెమట గురించి మాత్రం ఆ గోడ మీద ఒక్క చీటీ కూడా లేదు.

చెల్లెలు అతనికి సృష్టికర్త అని పేరు పెట్టింది. మొదట్లో నవ్వేవాడు. ఈమధ్య ఆ పేరుతో పిలిస్తే తల పక్కకు వంచి వింటున్నాడు, ఒప్పుకుంటున్నట్టు.

అతనిదీ, భాగస్వామిదీ కలిసి ఒక డిజైన్ సంస్థ. చూపు తగ్గిన ఆడవాళ్ళు ఒంటరిగా ఉండే గదులు కట్టే కంపెనీ ఒకటి, ఆ గదులకు సరిపడే వంటిల్లు తయారుచేసి ఇమ్మని వీళ్ళకు పని అప్పజెప్పింది. వీళ్ళకు ఒక పద్ధతి ఉంది. ముందు అట్టతో, స్పాంజితో నమూనా కడతారు. వాడే మనిషిని అందులోకి వదులుతారు. ఆ మనిషి తడబడుతుంటే చూస్తారు, రాసుకుంటారు, మార్చి మళ్ళీ వదులుతారు. వాడే మనిషి కోసం ఎక్కడా తిరగనక్కర్లేకపోయింది. అతని తల్లికి కొంతకాలంగా చూపు నడిమధ్యన పోయి అంచులు మాత్రం మిగిలాయి. ఎదురుగా ఉన్న మనిషి ముఖం ఆవిడకు కనబడదు. పక్కనున్న తలుపు కనబడుతుంది. ఇంట్లో ఇంత సదుపాయం పెట్టుకుని బయట వెతకడం ఎందుకు?

ఆ సదుపాయం ఇప్పుడు హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది, ఎడమచేతికి కట్టుతో.

"సరే, చక్కెర దొరికింది," అంది ఆడపడుచు. "ఇప్పుడు చెప్పు. అమ్మ చెయ్యి పొయ్యి మీదికి వెళుతుంటే నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే."

"ఇక్కడే అంటే?"

"ఇక్కడే. ఈ గుమ్మంలో."

"చూస్తూ ఉన్నావా?"

"చూడటమే కదే నా పని!" అన్నాడు, తనకు అన్యాయం జరుగుతున్నట్టు గొంతు పెంచి. "పరీక్ష జరిగేటప్పుడు మాట్లాడకూడదు, చెయ్యి వెయ్యకూడదు. మనం సాయం చేస్తే లోపం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఇది నేను కనిపెట్టింది కాదు. ప్రపంచమంతా ఇలాగే చేస్తారు."

"ప్రపంచమంతా వాళ్ళ అమ్మల మీదే చేస్తారా నాన్నా?" అని హాల్లోంచి వినబడింది. కాలేజీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, నానమ్మ కుర్చీ పక్కన కింద కూర్చుంది కూతురు.

"నువ్వు చదువుకో."

"సరే, ముట్టుకోకముందు నీ నియమం అడ్డొచ్చింది," అంది ఆడపడుచు. "కాలుతున్న గిన్నె పట్టుకుని అమ్మ అరిచాక?"

"వెంటనే వచ్చాను."

"ఎంత వెంటనే?"

"కెమెరా కింద పెట్టి వచ్చాను."

చెంచా చప్పుడు ఆగిపోయింది.

"కెమెరాకి ఏమీ కాలేదు కదా?" అంది ఆడపడుచు నెమ్మదిగా.

అతను భార్య వైపు చూశాడు. ఆమె అట్ట అర మీది తడి మరకను గుడ్డతో తుడుస్తోంది. అట్ట మరక తుడిస్తే పోదు, ఇంకా పరుచుకుంటుంది. అయినా తుడుస్తోంది. ఆ సంగతి జరిగినప్పుడు ఆమె ఇంట్లో లేదు. పొద్దుటి పూట ఆమె పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. పరీక్షలు ఎప్పుడూ సాయంత్రం, ఆమె వచ్చాకే జరిగేవి. ఐదో నమూనాకు మాత్రం వెలుతురు బాగుందని అతను పొద్దున్నే పెట్టేశాడు.

"వదినా, నువ్వేం మాట్లాడవేంటి?"

"ఏం మాట్లాడను?" అంది ఆమె. "నేను లేను కదా."

ఆ మూడు మాటలూ అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో ఆ వంటింట్లో ఉన్న ఇద్దరికీ తెలియదు.

"టీ అయిందా, నన్నే వచ్చి పెట్టమంటారా?" అని హాల్లోంచి అత్తగారు కేక వేసింది. నర్సుల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేసి రిటైరైన గొంతు అది. రెండు అంతస్తులకు సరిపడేంత ఉంటుంది. "నేనైతే కాలేది ఒక చెయ్యే. మీరు ముగ్గురున్నారు."

* * *

మర్నాడు భాగస్వామి వచ్చాడు, ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని.

అతనికి ప్రతిదీ అద్భుతమే. కొత్త స్పాంజి అద్భుతం, పాత స్పాంజి ఎందుకు పనికిరాలేదో తెలియడం ఇంకా అద్భుతం. తప్పు ఎంత పెద్దదైతే అతని ముఖం అంత వెలుగుతుంది, తప్పు పక్కవాళ్ళ ఒంటి మీద జరిగినంత వరకూ.

"అమ్మగారూ, చెయ్యి ఎలా ఉంది? మీరు మాకు చాలా విలువైన సమాచారం ఇచ్చారండీ."

"చర్మం కూడా ఇచ్చాను బాబూ," అంది అత్తగారు. "అది ఏ చీటీ మీద రాసుకున్నారు?"

భాగస్వామి నవ్వాడు. జోకు అనుకున్నాడు. అత్తగారు నవ్వలేదన్న సంగతి గమనించడానికి అతను ఆవిడ ముఖం చూడాలి. అతను ల్యాప్‌టాప్ చూస్తున్నాడు.

భోజనాల బల్ల మీద తెర నిలబెట్టి ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కోడలు వాళ్ళ ముందు మంచినీళ్ళు పెట్టింది. కూతురు పుస్తకం పట్టుకుని ఎదుటి కుర్చీలోకి మారింది.

ముందు నాలుగో నమూనా రికార్డింగ్ పెట్టారు. తెర మీద అత్తగారు స్టవ్ ముందు నిలబడి ఉంది. పాలు కాచింది, టీ పెట్టింది, గుడ్డు ఉడకేసి తీసింది. ఒక్క తప్పు లేదు. మొదటి మూడు నమూనాల్లోనూ కాస్తో కూస్తో తడబడిన మనిషి, నాలుగోదానికి వచ్చేసరికి చూపున్న వాళ్ళకంటే చక్కగా చేసింది.

"ఆపండి, ఆపండి. ఇక్కడ!" అన్నాడు భాగస్వామి. "చూశారా? చెయ్యి ముందు గిన్నె అంచు వైపు వెళ్ళింది. ఆగింది. వెనక్కి వచ్చింది. పిడి పట్టుకుంది. ఎవరూ చెప్పలేదు! పిడి వంపే ఆవిడకు దారి చూపించింది. ఇదండీ డిజైన్ అంటే. వస్తువే మనిషితో మాట్లాడింది."

సృష్టికర్త తనకు నచ్చినది పక్కవాడు పొగుడుతుంటే ఎంతసేపైనా మౌనంగా ఉండగలడు.

"మళ్ళీ వేద్దాం," అన్నాడు చివరికి.

మళ్ళీ వేశారు. చెయ్యి వెళ్ళింది. తెర అవతల ఎక్కడో, ఖళ్ ఖళ్ మని రెండు దగ్గులు. చెయ్యి ఆగింది. వెనక్కి వచ్చింది.

"ఈ దగ్గొకటి," అన్నాడు భాగస్వామి, చిరాగ్గా. "మేడమ్, మీకు పొగ పడదా? రికార్డింగ్ నిండా మీ దగ్గే. కంపెనీ పెద్దావిడకు చూపించేటప్పుడు ఈ చప్పుడు తీసెయ్యాలి."

నీళ్ళ జగ్గు పట్టుకున్న కోడలి చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగింది.

"పడదు," అంది.

"తనకు ఎప్పుడూ అంతే. పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నా," అన్నాడు ఆమె భర్త.

పెళ్ళయినప్పటి నుంచీ, ఈ పరీక్షలు మొదలయ్యేదాకా, ఆమె ఆ వంటింట్లో ఒక్కసారీ దగ్గి ఎరగదు. అతనికి అది తెలిసే వీలు లేదు. అతను వంటింట్లో కాలు నిలిపింది ఈ పని వచ్చాకే.

తర్వాత ఐదో నమూనా పెట్టారు. అదే స్టవ్, అదే పిడి, మీటల టోపీలు మాత్రం గుండ్రం బదులు పలకలుగా ఉన్నాయి. పొద్దుటి వెలుతురు. అత్తగారి చెయ్యి గిన్నె అంచు వైపు వెళ్ళింది. ఆగింది. కాసేపు గాల్లో అలాగే ఉంది, ఎవరో ఏదో అనాలన్నట్టు. ఎవరూ ఏమీ అనలేదు. చెయ్యి కిందికి దిగింది.

సృష్టికర్త రికార్డింగ్ ఆపేశాడు. ఆ ఒక్క క్షణం అతని ముఖం కొడుకు ముఖంలా ఉంది. భార్య అది చూసింది. ఏదైనా అంటాడేమోనని ఎదురుచూసింది కూడా.

"టోపీలు," అన్నాడు అతను. "పలకలుగా చెయ్యడం పొరపాటు."

"టోపీలే," అన్నాడు భాగస్వామి. "చెయ్యి అక్కడ ఆగింది చూడండి. అయోమయం. గుండ్రంగా ఉంటే అయోమయం ఉండేది కాదు."

"నాలుగుకీ ఐదుకీ ఇంకేమీ తేడా లేదా?" అంది కూతురు.

"లేదు. ఒక్కసారికి ఒక్కటే మారుస్తాం. అదే పద్ధతి."

"నాలుగోదాంట్లో మనింట్లో చప్పుడుంది. ఐదోదాంట్లో లేదు."

"వంటిల్లు చేస్తున్నాం తల్లీ, రేడియో కాదు," అన్నాడు భాగస్వామి.

కూతురు తల్లి వైపు చూసింది. తల్లి ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వాళ్ళు తేల్చింది ఇది: ఐదును పారేసి నాలుగుకు తిరిగి వెళ్ళాలి. శుక్రవారం కంపెనీ పెద్దావిడ స్వయంగా ఈ ఇంటికి వస్తుంది. ఆవిడ ముందు అమ్మగారు నాలుగో నమూనాలో వంట చేసి చూపించాలి. ఆవిడ ఊ అంటే, ఇక అట్టలు ఉండవు. చెక్కతో, స్టీలుతో అవే అరలు, అవే పిడులు, అన్ని గదుల్లోనూ బిగించేస్తారు.

"అమ్మగారి కుడిచెయ్యి బాగానే ఉంది కదండీ?" అని వెళ్ళేముందు అడిగాడు భాగస్వామి.

"ఇంకా ఉంది," అంది అత్తగారు.

* * *

సాయంత్రం కోడలు మందుడబ్బా తెచ్చి అత్తగారి మంచం అంచున కూర్చుంది. కట్టు విప్పింది. అరచెయ్యి ఎర్రగా, తడిగా, తనది కానట్టు ఉంది.

"చూసి భయపడ్డావా?" అంది అత్తగారు.

"లేదత్తయ్యా."

"నాకు కనబడదని అబద్ధాలాడకు. నీ వేళ్ళు ఆగిపోయాయి."

కోడలు మందు రాయడం మొదలుపెట్టింది.

"నేను ఉండి ఉంటే..." అని మొదలుపెట్టి ఆపేసింది.

"ఉండి ఉంటే దగ్గేదానివి."

మొదటి నమూనా రోజు అత్తగారి చెయ్యి గిన్నెల బుట్ట కోసం వెళ్ళి కత్తుల వైపు తిరిగింది. అంతకుముందే కోడలు "అటు కాదత్తయ్యా" అన్నందుకు పరీక్ష పాడయిందని భర్త ఆమెను పదిమందిలో కసిరినట్టు కసిరాడు. నోరు తెరిస్తే వంటింట్లోంచి బయటికే అన్నాడు. కత్తి మొన దగ్గరికి వేళ్ళు వచ్చేసరికి, మాట రావడానికి భయపడి, దగ్గు వచ్చింది. అత్తగారి చెయ్యి ఆగింది. అంతే. ఇద్దరూ దాని గురించి ఏనాడూ ఒక్క మాట అనుకోలేదు. ఒక దగ్గు అంటే అటు కాదు, రెండు అంటే వేడి. నాలుగో నమూనా వచ్చేసరికి వాళ్ళిద్దరూ ఆరితేరిపోయారు.

"వాడు పెట్టిన ప్రతి అరనూ, పిడినీ నువ్వే నిలబెట్టావే," అంది అత్తగారు. "దగ్గి దగ్గి వాణ్ణి గొప్పవాణ్ణి చేశావు."

"మీ చెయ్యి కాలకూడదని చేశాను."

"కాలలేదు. కాలకపోయేసరికి నాకూ హాయిగానే ఉంది. నీ దగ్గు కోసం చెవి పెట్టుకోవడం అలవాటైపోయింది. ఆ పొద్దున కూడా చెవి పెట్టాను. నువ్వు డాక్టరు దగ్గర పనిలో ఉన్నావని తెలుసు, అయినా పెట్టాను. బుద్ధి లేకపోతే సరి."

కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముక్కు ఎగపీల్చకుండా జాగ్రత్తపడింది. ఆవిడకు చెవులున్నాయి.

"వాడు నన్ను అడగనైనా లేదే, నీకేం కావాలమ్మా అని. ఒకసారి నేనే చెప్పాను. ఒరేయ్, పెట్టినవి పెట్టినచోట ఉంచు చాలురా, నా చేతులకు దారి తెలుసు అని. వాడు రాసుకున్నాడు. ఏం రాశాడో నీ కూతురు చదివి చెప్పింది."

కోడలికి ఆ చీటీ తెలుసు. ఫ్రిజ్ పైన ఇంకా ఉంది. 'వాడుకునే మనిషికి మార్పు అంటే భయం.'

"నలభై మంది ఆడపిల్లలున్న హాస్టల్‌ని నడిపినదాన్ని," అంది అత్తగారు. "భయమట."

కోడలు కొత్త గుడ్డ చుట్టసాగింది. చుడుతూ, ఆలోచించుకున్నది మెల్లగా బయటపెట్టింది.

"శుక్రవారం నేను సెలవు పెడతానత్తయ్యా. ఇంట్లోనే ఉంటాను. నాలుగో నమూనా మనకు వచ్చిందే కదా. మీకేమీ కాకుండా నేను చూసుకుంటాను. ఆ ఒక్కరోజూ గడిస్తే, ఈ అట్టలన్నీ పీకి బయట పారేస్తారు. మన వంటిల్లు మనకు వచ్చేస్తుంది."

"వాళ్ళ పని వాళ్ళకు వచ్చేస్తుంది."

"అది కూడా. ఇది పోతే ఆఫీసు మూసెయ్యాలంటున్నారాయన. మూసేస్తే మనిషి ఏమైపోతారో మీకు తెలుసు. మొత్తం రోజంతా ఇంట్లోనే ఉంటారు."

అత్తగారు ఫక్కున నవ్వింది. నవ్వి, ఆగింది.

"నాలుగోది చెక్కతో చేసి గదుల్లో బిగిస్తారు కదూ?"

"ఊ."

"ఆ గదుల్లో ఎవరుంటారు?"

"మీలాంటి వాళ్ళే అత్తయ్యా. చూపు తగ్గి, ఒక్కళ్ళే..."

"ఒక్కళ్ళే," అంది అత్తగారు. "వాళ్ళకి దగ్గే కోడళ్ళు ఉంటారా?"

కోడలు గుడ్డ కొసలు ముడివేసింది. ముడి సరిగా రాలేదు. విప్పి మళ్ళీ వేసింది.

"ఇంత సాహసం నీకు కత్తి దగ్గర వచ్చింది," అంది అత్తగారు. గొంతులో జాలి లేదు. "మొగుడి దగ్గర రాదేం?"

"చెబితే నన్ను ఏమంటారో తెలుసా? పరీక్షలన్నీ నేనే పాడుచేశానంటారు. ఇన్నాళ్ళ కష్టం మట్టిలో కలిపానంటారు."

"నిజమే కదే. కలిపావు."

"అత్తయ్యా!"

"వాడూ తప్పు చేశాడు, నువ్వూ తప్పు చేశావు. వాడిది తెలివితక్కువ, నీది పిరికి. నాది సుఖం. ముగ్గురం కలిసి ఒక దిక్కుమాలిన వంటిల్లు తయారుచేశాం. ఇప్పుడు దాన్ని ఊళ్ళో వాళ్ళకి అంటగడదామంటున్నావు."

"మీరు ఆయనతో అనకండి," అంది కోడలు. "నేనే చూసి చెబుతాను. కాస్త టైమివ్వండి."

అత్తగారు కట్టు కట్టిన చేతిని ఒళ్ళోకి తీసుకుని, కిటికీ వైపు, తనకు కనబడే అంచు వైపు ముఖం తిప్పుకుంది.

* * *

ఆ రాత్రి అందరూ ఒకేసారి భోజనానికి కూర్చున్నారు. ఆడపడుచు కూడా ఉంది. తల్లిని తనతో తీసుకెళ్ళేదాకా కదలనని మధ్యాహ్నం నుంచీ తిష్ఠ వేసింది.

సృష్టికర్త హుషారుగా ఉన్నాడు. సాయంత్రమంతా కూర్చుని స్పాంజి టోపీలను మళ్ళీ గుండ్రంగా కోశాడు. వాటి ముక్కలు అతని చొక్కాకు ఇంకా అంటుకుని ఉన్నాయి.

"శుక్రవారం ఒక్కటే," అన్నాడు, తల్లి పళ్ళెంలో రొట్టె వేస్తూ. "ఆ తర్వాత అమ్మని ఎవరైనా ఎక్కడికైనా తీసుకెళ్ళండి."

"వస్తువా అన్నయ్యా, పని అయ్యాక తీసుకెళ్ళడానికి?"

"నువ్వు ప్రతిదానికీ పెడర్థం తియ్యకు. ఈ పని నేను ఒప్పుకున్నదే అమ్మ కోసం."

"అమ్మ కోసం చేస్తే అమ్మకి నచ్చాలిగా!"

"నాలుగోది నచ్చింది. కావాలంటే రికార్డింగ్ చూడు. ఒక్క తప్పు లేదు. నేను చెప్పడం కాదు, అమ్మ చేతులే చెబుతున్నాయి."

కోడలు వేడి సూప్ గిన్నె తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. కూర్చోలేదు. భర్త కుర్చీ వెనక, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది.

"పెద్దావిడ ముందు ఏం వండాలో కూడా రాసిపెట్టాం," అన్నాడు అతను. "టీ, గుడ్డు, తర్వాత సూప్. అమ్మా, నువ్వు మామూలుగా చేసెయ్యి చాలు. మేమెవ్వరం మాట్లాడం. ఆవిడకు కూడా ముందే చెబుతాం, ఎవరూ చెయ్యి వెయ్యకూడదని."

"చెయ్యి వెయ్యకూడదా?" అంది ఆడపడుచు. "మళ్ళీనా? వదినా, నువ్వైనా చెప్పవేం? ఇంత జరిగాక కూడా నీకు నోరు రాదా?"

కోడలు కూతురి వైపు చూసింది. కూతురు పళ్ళెంలోకి చూస్తోంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆ పిల్లకు ఎప్పటినుంచి తెలుసో, తెలిసి ఎందుకు ఊరుకుందో తల్లికి ఇప్పుడు అర్థమైంది. ఊరుకోవడం ఎవరిని చూసి నేర్చుకుందో కూడా.

"ఏవండీ," అంది.

"ఊ, చెప్పు."

భర్త తల వెనక్కి తిప్పలేదు. రొట్టె ముక్కను సూప్‌లో ముంచుతూ, చెల్లెలితో అంటున్నాడు: "చూశావా, మీ వదిన ఏనాడైనా ఈ పనికి అడ్డొచ్చిందా? ఈ ఇంట్లో దీని విలువ తెలిసిన మనిషి తనొక్కతే."

"ఏం లేదు," అంది ఆమె. "సూప్ వేడిగా ఉంది. చూసుకోండి."

అత్తగారు కుడిచేత్తో బల్ల అంచు తడుముకుంటూ వచ్చి, నీళ్ళ గ్లాసు ఉండాల్సిన చోట చూసుకుంది. అక్కడే ఉంది. రెండు గుక్కలు తాగి, తీసినచోటే పెట్టింది.

"శుక్రవారం నేను వండుతాను," అంది.

హాస్టల్ గొంతు కాదు. అందరూ వినడానికి తినడం ఆపేంత నెమ్మదిగా అంది.

"అమ్మా, నీకేమైనా మతి పోయిందా?" అని ఆడపడుచు లేచింది.

"కూర్చో. వండుతానన్నాను, వండుతాను. ఆవిణ్ణి రానీ. ఈ కట్టు కూడా ఉంచుకునే వండుతాను."

సృష్టికర్త ముఖం వికసించింది. చెల్లెలి వైపు గెలిచినట్టు చూశాడు. తల్లి చేతి మీద తన చెయ్యి వేశాడు.

"నాకు తెలుసమ్మా. నువ్వు కాబట్టి..."

"పూర్తిగా విను. ఒక్కటి మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి." అత్తగారు తన చేతిని అతని చేతి కిందనుంచి మెల్లగా లాక్కుంది. "ఆ రోజు నా కోడలు దగ్గదు."

కూతురు చెంచా కింద పెట్టింది.

"దగ్గడమేంటి?" అన్నాడు సృష్టికర్త, నవ్వు ముఖం మీదే ఉండగా. "దానికేముంది, ఆ రోజు తను బయట..."

మాట అక్కడ ఆగింది. అతని చూపు బల్ల చివర మూసి పెట్టిన ల్యాప్‌టాప్ మీదికి వెళ్ళింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత అతను కుర్చీలో మెల్లగా, పూర్తిగా, వెనక్కి తిరిగాడు.

గొంతులో నిజంగానే దగ్గు అడ్డం పడింది ఆమెకు. ఆపుకుని నిలబడింది.